ఆడిటర్‌కు నెల నెలా ఇచ్చే ఫీజు: నాకు గిట్టుబాటు చేసింది 14వ తేదీ జాబితా

మాది అనంతపురంలో డ్రిప్పు సామాను, పీవీసీ పైపుల షాపు. నార్పల, గార్లదిన్నె వైపు చీనీ తోటల రైతులే ఎక్కువ వస్తారు. కొత్తగా షాపు పెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: ఆడిటర్‌కు నెలకు ఎంత ఇస్తున్నావన్నా అని. 1,500తో మొదలుపెట్టాను, ఇప్పుడు 2,000 ఇస్తున్నాను. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు కానీ అది మళ్లీ ఇన్‌పుట్‌గా, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా వస్తుంది, అందుకే నేను లెక్కపెట్టను. మా చుట్టుపక్కల 500కే రిటర్న్ వేసిపెట్టేవాళ్లున్నారు. రిటర్న్ వేయడం వరకైతే ఆ 500 సరిపోతుంది. నేను ఇంత ఇస్తున్నది 14వ తేదీ దాటగానే వాట్సాప్‌లో వచ్చే ఒక జాబితా కోసం.

మనం పంపిన కొనుగోలు బిల్లుల్లో జీఎస్టీ పోర్టల్‌లో ఏవి కనబడలేదో అందులో ఉంటుంది. 2022 జనవరి నుంచి, సరుకు అమ్మినవాళ్లు తమ అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో మన బిల్లు చూపించి, అది మన టూబీలోకి (పోర్టల్‌లో మన పేరున పడిన కొనుగోలు బిల్లుల పట్టికలోకి) వస్తే తప్ప ఇన్‌పుట్ తీసుకోవడానికి లేదు. మనం ట్యాక్సుతో సహా మొత్తం కట్టేసి ఉన్నా అంతే. టూబీ 14న తయారవుతుంది, మనం పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్ 3బీ 20లోపు వేయాలి. షాపులో కూర్చుని రైతులతో బేరం చేసుకునే మనిషికి ఆ మధ్యలో ఒక్కో బిల్లూ పట్టుకుని సరిచూసే తీరిక ఎక్కడిది?

ఒక సీజన్‌కు ముందు బెంగళూరు నుంచి 3 లక్షల పైపులు తెప్పించాను. ట్యాక్సు 54,000. సగం డబ్బు పంపాను. ఆ నెల జాబితాలో ఆ బిల్లు ఎర్ర రంగులో వచ్చింది. వెనకే ఆడిటర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఫోన్: "అన్నా, ఈ బిల్లు పడలేదు. మిగతా డబ్బు పంపేముందు వాళ్లను ఒకసారి అడగండి." అడిగితే, మేం ఎప్పుడో వేసేశాం, మీ ఆడిటర్ సరిగ్గా చూడలేదేమో అన్నారు. తర్వాతి నెల జాబితాలోనూ ఎరుపే. ఈసారి ఆ అమ్మాయే వాళ్ల అకౌంటెంట్‌తో మాట్లాడి, వాళ్లు ఏ నంబరు మీద వేశారో స్క్రీన్‌షాట్ పెట్టించుకుంది. మా షాపు పేరే ఉన్న హిందూపురం షాపు జీఎస్టీ నంబరు మీద పడింది! డబ్బు ఇంకా మా దగ్గర ఆగి ఉండబట్టి వాళ్లు వెంటనే కదిలారు, తర్వాతి రిటర్న్‌లో సవరించారు. ఆ నెల టూబీలో 54,000 కనబడ్డప్పుడు నిజంగా ఊపిరి పీల్చుకున్నాను. అప్పటి లెక్కన అది మూడేళ్ల ఫీజు. ఒక సంవత్సరపు ఇన్‌పుట్‌ను మరుసటి ఆర్థిక సంవత్సరం నవంబరు 30 దాటాక తీసుకోవడం కుదరదు. ఎవరూ చూడకపోయి ఉంటే ఆ డబ్బు అటే పోయేది.

అప్పట్లో కనబడ్డవాళ్లందరికీ మా ఆడిటర్ అన్నీ చూసుకుంటారని చెప్పాను. అన్నీ అనే మాట ఇప్పుడు అనను. ఆ అమ్మాయికి వేరే ఉద్యోగం వచ్చి వెళ్లాక కొన్నాళ్లు జాబితా రావడమే ఆగిపోయింది. గట్టిగా అడిగితే మళ్లీ పంపుతున్నారు. పడని బిల్లుల పేర్లు ఇస్తారు, వాళ్లకు ఫోన్ చేసే పని మాత్రం మనదే. నోటీసు వస్తే జవాబుకు వేరే ఫీజు, నా దగ్గర 3,000 తీసుకున్నారు. ఆదాయపు పన్ను రిటర్న్‌కు ఇంకో 4,000. బ్యాంకు లోనుకు కాగితాలు కావాలంటే అదొక లెక్క. ఇవన్నీ కలిపితే నెలవారీ ఫీజు మీద ఇంచుమించు మూడో వంతు అదనంగా పడుతోంది.

2025 సెప్టెంబరు 22న డ్రిప్పు సామాను 12 నుంచి 5 శాతానికి దిగింది, పీవీసీ పైపులు 18లోనే ఉన్నాయి. 12 కట్టి తెచ్చిన స్టాకును 5కు అమ్మితే పాత ఇన్‌పుట్ ఏమవుతుందోనని చాలా టెన్షన్ పడ్డాను. దాన్ని వెనక్కి కట్టనక్కర్లేదు, ఖాతాలోనే ఉంటుందని ఆడిటర్ ముందే చెప్పారు, ఆ సాయం మరిచిపోను. కానీ షాపు లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో రేట్లు మార్చడానికి వాళ్ల కుర్రాడిని పంపినందుకు వెయ్యి తీసుకున్నారు.

అందరూ ఇంత ఇవ్వాలని నేను చెప్పను. కిరాణా కొట్టు కాంపొజిషన్‌లో ఉంటే, అంటే ఏడాదికి కోటిన్నరలోపు అమ్మకాలతో 1 శాతం కట్టేవాళ్లైతే, వాళ్లకు ఇన్‌పుట్టే లేదు. ఈ జాబితాతో పని లేదు, మూణ్ణెల్లకోసారి కట్టే పన్నుకు నెలవారీ ఫీజు ఇవ్వడం దండగ. 5 కోట్లలోపు వ్యాపారానికి రిటర్న్ కూడా మూణ్ణెల్లకోసారి వేసే వీలుంది, ఫీజు తగ్గుతుంది. పొరుగు రాష్ట్రాల సరుకు, రెండు రకాల ట్యాక్సు ఉండే నాలాంటి షాపుకు నెలవారీయే నయమనిపించింది. ఆడిటర్ అని పిలిచినంత మాత్రాన సీఏనే అయి ఉండనక్కర్లేదని కూడా గుర్తుంచుకోండి. జీఎస్టీ రిటర్న్‌కు సీఏ సంతకం అక్కర్లేదు. ట్యాక్స్ ఆడిట్ పరిధిలోకి వెళ్లినప్పుడే అది తప్పదు, దాని ఫీజు వేరు.

బేరం ఆడేముందు రెండు అడగండి: టూబీతో బిల్లులు సరిచూస్తారా, వాళ్లవల్ల ఆలస్యమైతే లేటు ఫీజు ఎవరు కడతారు? రోజుకు 50 చొప్పున పడుతుంది. 5వ తేదీలోపు బిల్లులిస్తే ఆ భారం మాదేనని మావాళ్లు నోటిమాటగా ఒప్పుకున్నారు, ఇంతవరకు ఆ అవసరం రాలేదు. వచ్చే ఏప్రిల్‌లో ఫీజు పెంచమంటే, చిన్న నోటీసులకు జవాబు కూడా అందులోనే కలపమని అడుగుతాను. ఒప్పుకుంటే 2,500 ఇవ్వడానికి సిద్ధం.