మార్కెట్ చెత్త కంపోస్టు, 25 కిలోల బస్తా: కుండీలకు పర్వాలేదు, నారుకు వద్దు

హైదరాబాద్ కూరగాయల మార్కెట్ల చెత్తతో చేసిన ఈ కంపోస్టు నల్లగా, పొడిపొడిగా ఉంది. అమ్మోనియా ఘాటు లేదు, తడిమట్టి వాసనే. బాగా మాగింది. ప్రభుత్వ ఎరువుల నిబంధన ప్రకారం కంపోస్టులో కనీసం 90 శాతం 4 మి.మీ. జల్లెడలో దిగాలి, దిగింది కూడా. కానీ సన్నటి ప్లాస్టిక్ పీలికలు, గాజు పెంకులూ దానితోపాటే దిగాయి. తడి, పొడి చెత్తను మొదట్లోనే వేరు చేయకపోతే తర్వాత ఏ జల్లెడా ఆపలేదు. ఉత్త చేతులతో కలపకండి, గాజు గుచ్చుకుంటుంది.

ఇలాంటి ఎరువులో లవణాలు ఎక్కువగా ఉండొచ్చు. ఒట్టి కంపోస్టులో నారు పోస్తే లేత వేర్లు మాడతాయి. కుండీకి ఎర్రమట్టి రెండు పాళ్లు, నానబెట్టి పిండిన కొబ్బరిపొట్టు ఒక పాలు, ఈ కంపోస్టు ఒక పాలు చాలు. బస్తా లోపల చేతికి వేడి తగిలితే మాత్రం వాడకండి, ఇంకా మాగాలి.