మిర్యాలగూడల హెడ్డు ఫేసింగ్: కొలిచినంకనే గీసే లేత్ షాపు

కారు హెడ్డు, అంటే ఇంజన్ మీద మూత లెక్క బిగించే భాగం, ఇంటికాడ విప్పుకోవచ్చు, మళ్ల బిగించుకోవచ్చు. నడుమ ఒక్క పనికి మాత్రం లేత్ షాపుకు పోవాల్సిందే: హెడ్డు అడుగు భాగం చదునుగ ఉన్నదా లేదా చూసుడు, లేకుంటే ఫేసింగ్ కొట్టుడు, అంటే మిషన్ మీద సన్నగ గీసి చదును చేసుడు. హాలియా, నిడమనూరు దిక్కున్నోళ్లకు అక్కరకొస్తదని ఈ షాపు గురించి రాస్తున్న. మిర్యాలగూడల రైల్వే స్టేషన్ దిక్కు పోయే రోడ్డు మీద ఉంటది. బోర్డు లేదు. షెడ్డు ముంగట రైస్ మిల్లుల పాత షాఫ్టులు గోడకు ఆనించి ఉంటయి, అదే గుర్తు.

నేను బోరు మోటార్లు వైండింగ్ చేస్తా. బండి మారుతి 800, 796 సీసీ, మూడు సిలిండర్లది. మునుగోడు దిక్కు ఒకాయన దగ్గర కొన్న. ఆయన ఏండ్లకేండ్లు రేడియేటర్ల బోరు నీళ్లే పోసిండు. మన బోరు నీళ్లల్ల సున్నం ఎంతుంటదో ఇంట్ల గిన్నెలు చూస్తేనే తెలుస్తది. అదే సున్నం ఇంజన్ లోపల నీళ్ల దారులకు పట్టింది. ఇంజన్ వేడెక్కుడు మొదలైంది, చివరికి హెడ్డుకు, కింది ఇంజన్ బ్లాకుకు నడుమ సీలు లెక్క ఉండే హెడ్ గ్యాస్‌కెట్ పోయింది. ఆయిల్ మూత తీస్తే అడుగున పాల మీగడ లెక్క తెల్లగ ఉన్నది. స్టార్ట్ చేస్తే రేడియేటర్ల బుడగలు. ఈ రెండూ కలిసి కనవడితే ఇంక ఆలోచించేది లేదు, హెడ్డు లేపాల్సిందే.

విప్పే పనిల అందరికీ గట్టిగ చెప్పేది ఒక్కటే: ఇంజన్ మొత్తం సల్లారినంకనే చెయ్యి పెట్టాలె. బ్యాటరీ నెగెటివ్ తీసి, కూలెంట్ దించి, పుల్లీల మీదుండే టైమింగ్ గుర్తులు కలిపి పెట్టుకొని, అప్పుడు టైమింగ్ బెల్టు తియ్యాలె. సైలెన్సర్ దిక్కు నట్లు తుప్పు పట్టి ఉంటయి, వాటికి ముందు రాత్రే తుప్పు నూనె కొట్టి వదిలెయ్యాలె. తొందరపడితే స్టడ్డు విరుగుతది, అది తీసే పని హెడ్డు పనికంటె పెద్దది.

హెడ్డు బోల్టులు ఒకటి పూర్తిగ ఇప్పి ఇంకోదానికి పోవద్దు. రెండు కొసల నుంచి నడిమికి వస్తూ, ఒక్కోటి కొంచెం కొంచెం, రెండు మూడు చుట్లల్ల వదులు చెయ్యాలె. అల్యూమినియం హెడ్డు, ఒకదిక్కే బరువు పడితే వంగుతది. అట్టముక్కకు బొక్కలు పొడిచి ఏ బోల్టు ఆ జాగల గుచ్చి పెడితే కలగలిసిపోవు. హెడ్డు అతుక్కుంటే సందుల స్క్రూ డ్రైవర్ పెట్టి లేపొద్దు. అక్కడ పడ్డ ఒక్క గీతతోటే నీళ్లు కారుతయి. కట్టె సుత్తెతోటి పక్కల నుంచి తట్టాలె. లేచినంక సిలిండర్లల్ల శుభ్రమైన గుడ్డలు కుక్కాలె.

ఇగ షాపు సంగతి. చానా చోట్ల హెడ్డు బల్ల మీద పెట్టంగనే "ఫేసింగ్ కొడదమా" అంటరు. ఈయన అట్ల కాదు. ముందుగాల పాత గ్యాస్‌కెట్ ముక్కలన్నీ గీకి శుభ్రం చేసిండు. తర్వాత ఇనుప స్కేలు అంచు హెడ్డు మీద నిలబెట్టి, సందు కొలిచే సన్న రేకుల కట్ట, ఫీలర్ గేజ్ తీసిండు. పొడుగుకు రెండు దిక్కుల, అడ్డంగ రెండు దిక్కుల, మూలకు మూల రెండు దిక్కుల చూసిండు. నన్ను దగ్గరికి పిలిచి, "తమ్మీ, నువ్వే పెట్టి చూడు" అని గేజ్ నా చేతికిచ్చిండు. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరకపోతే హెడ్డు బాగున్నట్టు, ఫేసింగ్ అక్కర లేదు. నాది నడిమి సిలిండర్ కాడ 0.10 రేకు సుత దూరింది. గ్యాస్‌కెట్ కాలింది కూడ సరిగ్గ అక్కడనే.

"ఎంత గీస్తవన్నా?" అంటే, "చదును అయ్యేంతవరకే. ఎక్కువ గీస్తే కంప్రెషన్ పెరుగుతది, నాకిన్ని పైసలు ఎక్కువొస్తయి, నీ ఇంజన్ కొట్టుకుంటది" అన్నడు. ఫేసింగ్ కంటె ముందే నీళ్ల దారులు మూసి, గాలి ఎక్కించి, వేడి నీళ్లల్ల ముంచి పగుళ్లు చూసిండు. పగిలిన హెడ్డుకు ఫేసింగ్ కొట్టుడు దండుగ, పైసలు తీసుకోనని చెప్పిండు. బుడగలు రాలే. గీసినంక మళ్ల అదే స్కేలు, అదే గేజ్. ఈసారి 0.05 ఎక్కడా దూరలే. పోర్టులల్ల కిరోసిన్ పోసి చూస్తే ఒక ఎగ్జాస్ట్ వాల్వు కాడ కిరోసిన్ చెమ్మ ఊరింది, దాన్ని పేస్టుతోటి రుద్ది సరిచేసిండు. అన్నీ కలిపి 900 రూపాయలు. నా లెక్కల చానా తక్కువ.

కొరతలు లేవని కాదు. హెడ్డు కడిగి ఇయ్యడు. నీళ్ల దారులల్ల అల్యూమినియం రజను మిగిలి ఉండె. ఇంటికొచ్చి నీళ్లతోటి కడిగి, కంప్రెసర్ గాలి కొట్టినంకనే బిగించిన. అట్లనే బిగిస్తే ఆ రజను పోయి రేడియేటర్‌ల చేరుతది. బిల్లు అడిగితే చిట్టీ మీద రాసిస్తడు. ఇంకోటి, వానాకాలం వడ్లు మిల్లులకొచ్చే రోజులల్ల, నవంబర్, డిసెంబర్‌ల, ఆయనకు మిల్లు షాఫ్టులే ముందు. మన హెడ్డు మూలకు పడి ఉంటది. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు కాకముందే పోతే పొద్దున ఇచ్చింది సాయంత్రానికి చేతికొస్తది.

నాకు బాగ నచ్చింది హెడ్డు చేతికిచ్చేటప్పుడు అడిగిన మాట: "టార్క్ రెంచ్ ఉన్నదా?" బోల్టు ఎంత బలంతోటి బిగిస్తున్నమో చూపే పాన అది. ఉన్నదన్న. లేకుంటే ఎవరి దగ్గరన్న తెచ్చుకో, అందాజుగ బిగిస్తే నేను చేసిన పని అంత పోతదన్నడు. బ్లాకుల బోల్టు బొక్కలల్ల నీళ్లు, నూనె చుక్క లేకుంట తుడువమన్నడు, ఉంటే బోల్టు బిగిసేటప్పుడు బ్లాకు పగిలే ప్రమాదముంటది. బిగించేటప్పుడు విప్పిన దానికి ఉల్టా, నడిమి నుంచి కొసలకు, మాన్యువల్‌ల రాసిన టార్క్ మూడు దఫాలల్ల. తన పని కానిదాని గురించి ఇంత శ్రద్ధ పెట్టి చెప్పేటోళ్లను నేను తక్కువ చూసిన.

బండి ఇప్పుడు నిండు ఎండల సాగర్ దాకా పోయొచ్చినా ఇంజన్ వేడి చూపే ముల్లు నడిమి దాటుతలేదు. రేడియేటర్ల కూలెంట్, బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసిన.

అయిదుకు నాలుగు ఇస్త. కడిగి ఇస్తే అయిదు ఇద్దును. పోయేటోళ్లు వాల్వులు, క్యామ్ షాఫ్ట్ హెడ్డుకే ఉంచి తీసుకపోతే ఆయననే విప్పుకుంటడు. పాత గ్యాస్‌కెట్ కూడ వెంట తీసుకపోండి, అది ఎక్కడ కాలిందో చూసి హెడ్డుల ఎక్కడ వెతకాలెనో ఆయనకు తెలుస్తది. ఆదివారం బంద్.