పొదుపు స్కోరు యాప్ రివ్యూ: చుక్కలు బాగున్నాయి, అసలు ఓటే లేదు

అమెరికా కాంగ్రెస్‌లో ఖర్చుల మీద ఎవరు ఎలా ఓటేశారో చూపించే పెయిడ్ యాప్ ఒకటి మూణ్ణెల్లు వాడాను, పేరెందుకులెండి, నెలకి 6 డాలర్లు. చూడ్డానికి మాత్రం సూపర్, సెనేటర్ ఫొటో నొక్కితే ఎస్ అన్న ఓట్లకి ఆకుపచ్చ చుక్కలు, నో అన్నవాటికి ఎర్ర చుక్కలు, పైన వందకి ఇన్ని మార్కులని "పొదుపు స్కోరు", అరనిమిషంలో మనిషి గుట్టంతా తెలిసిపోయినట్టే ఉంటుంది. నాకూ అలాగే ఉండేది, మా బావతో వాదన పెట్టుకునేదాకా.

2021 అక్టోబర్‌లో అప్పు పరిమితిని, అంటే ప్రభుత్వం ఎంతవరకు అప్పు చెయ్యొచ్చో ఆ హద్దుని, 480 బిలియన్ డాలర్లు పెంచారు కదా, దానికి అప్పటి సెనేట్ రిపబ్లికన్ల నాయకుడు మెక్‌కానెల్ సాయం చేశాడని బావ, చెయ్యలేదు ఇదిగో ఎర్ర చుక్క అని నేను. ఫైనల్ ఓటు 50-48, రిపబ్లికన్ల నుంచి ఒక్క ఎస్ కూడా లేదు, ఇంకేం కావాలి అనుకున్నా. బావ ఏం మాట్లాడకుండా సెనేట్ వాళ్ళ సొంత సైట్ తెరిచి అదే రోజు, అక్టోబర్ 7న, దానికి ముందు జరిగిన ఓటు చూపించాడు. "ఆన్ ద క్లోచర్ మోషన్" అని ఉంది, అంటే ఇక చర్చ చాలు, ఫైనల్ ఓటుకి పోదామా అని. దానికి 60 మంది కావాలి, 61-38తో గట్టెక్కింది, ఆ 61లో 11 మంది రిపబ్లికన్లు, మెక్‌కానెల్ కూడా ఉన్నాడు. వాళ్ళు లేకపోతే బిల్లు అక్కడే ఆగిపోయేది. ఆ తర్వాత మామూలు మెజారిటీ చాలు కాబట్టి వీళ్ళు నో అన్నా పోయేదేం లేదు, హాయిగా నో కొట్టేసి సొంత రాష్ట్రానికెళ్ళి "నేను అప్పుకి వ్యతిరేకంగా ఓటేశా" అని చెప్పుకోవచ్చు, అబద్ధం కూడా కాదు! గట్టు తెగ్గొట్టి నీళ్ళు వదిలేదీ వాళ్ళే, చేను మునిగిందని గోల పెట్టేదీ వాళ్ళే.

ఇదేదో ఒక్క పార్టీ తెలివి అనుకోకండి. 2025 మార్చి 14న ప్రభుత్వ ఖర్చుల బిల్లు క్లోచర్ 62-38, అప్పటి సెనేట్ డెమొక్రాట్ల నాయకుడు షూమర్‌తో కలిపి డెమొక్రాట్ల వైపు నుంచి పది మంది ఎస్ అన్నారు, ఫైనల్‌కొచ్చేసరికి 54-46, ఆ పదిలో మిగిలింది ఇద్దరే. షట్‌డౌన్, అంటే డబ్బుల్లేక ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం, వద్దని షూమర్ బయటికే చెప్పాడు, దాచిందేం లేదు, కానీ యాప్ చూసినవాడికి కనిపించేది మాత్రం ఒక్క చుక్కే.

యాప్ సపోర్ట్‌కి మెయిల్ పెడితే, క్లోచర్ లాంటి ప్రొసీజరల్ ఓట్లు పెడితే యూజర్లు అయోమయపడతారండీ అన్నారు. అయోమయపెట్టడానికే కదా మహాప్రభో వాళ్ళు అలా ఓటేసేది. 2014 ఫిబ్రవరి 12న కూడా అప్పు పరిమితి మీదే క్లోచర్ ఓటు, సెనేట్‌లో క్లర్క్ ఎవరు ఎటు ఓటేశారో పేర్లు పైకి చదవడం మామూలు, ఆ రోజు ఓటింగ్ నడుస్తున్నంతసేపూ చదవలేదు, ఎవరు ఎటో తెలీకుండా కానిచ్చారు. చివరికి 67-31, 12 మంది రిపబ్లికన్లు ఎస్, కాసేపటికి ఫైనల్ ఓటులో ఆ పన్నెండు మందీ నో.

మొన్న అప్‌డేట్‌లో ప్రొసీజరల్ ఓట్లు కలిపారు, సంతోషం, కానీ ప్రతి నోకీ ఎర్ర చుక్కే. క్లోచర్ ఓడిపోతోందని తెలియగానే మెజారిటీ లీడర్, అంటే సెనేట్‌లో ఎక్కువ సీట్లున్న పార్టీ నాయకుడు, తన ఓటుని నోకి మార్చుకుంటాడు, ఎందుకంటే మళ్ళీ ఓటు పెట్టమని అడిగే హక్కు ఓడిన పక్షాన ఓటేసినవాళ్ళకి ఉండదు. యాప్ లెక్కలో పాపం ఆయన సొంత పార్టీ బిల్లుకే శత్రువు. కాంగ్రెస్‌లో రెండో సభ హౌస్ సంగతి ఇంకా అన్యాయం, అక్కడ 1979లో గెఫార్ట్ రూల్ అని ఒకటి తెచ్చారు, బడ్జెట్ తీర్మానం పాసైతే అప్పు పరిమితి కూడా పాసైనట్టే అని, ఆ రూల్ ఉన్నన్నాళ్ళూ దాని మీద విడిగా ఓటే అక్కర్లేదు, 2023లో తీసేశారు. లేని ఓటుకి ఏ రంగు చుక్క పెడతారో!

రెండు స్టార్లు, అవీ డిజైన్‌కే. సెనేట్ సైట్ ఎంత బోసిగా ఉన్నా ఫ్రీ, ఏ ప్రశ్న మీద ఓటేశారో, ఎన్ని కావాలో పక్కనే రాసి ఉంటుంది, ఒకే బిల్లు మీద రెండు ఓట్లూ పక్కపక్కన పెట్టుకుని చదువుకుంటే సరి. నిన్న సబ్‌స్క్రిప్షన్ తీసేశా. అక్కడా రెండుసార్లు అడిగింది, క్యాన్సిల్‌కి ముందుకెళ్దామా అని ఒకసారి, నిజంగానే క్యాన్సిలా అని ఇంకోసారి. నేను రెండిటికీ ఎస్సే కొట్టాను.