ఇద్దరికీ ఒకే నూనెనా? కీళ్ళ నొప్పులతో కేరళ వెళ్ళొచ్చాం

కీళ్ళ నొప్పులకని కేరళ బయల్దేరేవాళ్ళకు ముందే ఒక మాట చెప్తాను. డాక్టరు మీ రిపోర్టులు అడక్కుండానే ప్యాకేజీ కాగితం చేతిలో పెడితే, ఆ చోట ఒక్క రోజు కూడా ఉండకండి.

మేం ముగ్గురం వెళ్ళాం. అమ్మకు మోకాళ్ళు అరిగాయి. పిన్నికి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళ వాపు జబ్బు. వేళ్ళ కణుపులు వాస్తాయి, పొద్దున లేచాక చాలాసేపు పిడికిలి మూసుకోదు. బయటివాళ్ళకు రెండూ కీళ్ళ నొప్పులే గానీ జబ్బులు వేరు. ఆయుర్వేదమూ అమ్మదాన్ని సంధివాతం అంటుంది, పిన్నిదాన్ని ఆమవాతం అంటుంది. ఈ తేడా తెలియనట్టు నటించిన చోటు గురించే నా కోపమంతా.

విజయవాడలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి త్రిశూర్‌లో దిగాం. ప్రయాణం హాయిగా జరిగింది.

ఏటి ఒడ్డున రిసార్ట్. కొబ్బరి చెట్లు, ఊయల, ఎవరూ దిగని స్విమ్మింగ్ పూల్. ఫొటోలు చూసి మా తమ్ముడు బుక్ చేశాడు. 14 రోజుల ప్యాకేజీ మనిషికి 58,500 రూపాయలు. డాక్టరు నాడి పట్టుకున్నాడు, బీపీ చూశాడు, ఇద్దరికీ ఒకే షీటు రాసిచ్చాడు. అభ్యంగం (ఒళ్ళంతా నూనె మర్దనా), పిళిచ్చిల్ (గోరువెచ్చని నూనె ధారగా పోస్తూ రుద్దడం), నవరకిళి. పిన్ని ఫైలు తీయబోతే, ‘ఇక్కడికొచ్చాక అవన్నీ ఎందుకమ్మా, ఇంగ్లీషు మందులు ఆపేయండి’ అన్నాడు. అమ్మకైతే మోకాలి గుజ్జు మళ్ళీ పెరుగుతుందని భరోసా ఇచ్చాడు. అరిగిన గుజ్జును ఏ నూనే తిరిగి పెంచదు. ఆ మాట వినగానే అమ్మ మొహం వెలిగిపోయింది, నాకు కడుపు మండింది.

నవరకిళి మంచి చికిత్సే. నవర అనే కేరళ రకం బియ్యాన్ని పాలలో, కురుంతోట్టి అనే మూలిక వేరు కషాయంలో ఉడికించి, మూటలు కట్టి ఒళ్ళంతా రుద్దుతారు. షీటులో గంట అని రాశారు, 35 నిమిషాల్లో ముగించేవాళ్ళు. గోడ గడియారం అమ్మకు ఎదురుగానే ఉంది మరి! ‘స్పెషల్ తైలం’ అని రోజుకు 420, తువ్వాళ్ళకు 90, పథ్యం భోజనానికి పూటకు 380 విడిగా. నూనె మర్దనాలతో పిన్ని మణికట్లు ఇంకా వాచాయి. అడిగితే ‘విషం బయటికొస్తోంది, మంచి సూచన’ అన్నారు. పిన్ని తెలివైంది. రుమటాయిడ్‌కు వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్రను పౌడర్ డబ్బాలో దాచుకుని మానకుండా వేసుకుంది. మధ్యలోనే ఖాళీ చేస్తామంటే మొత్తంలో 40 శాతం పట్టుకుని, మిగతాది పంపిస్తామన్నారు. ఇంకా పంపిస్తూనే ఉన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

టాక్సీకి 2,700 ఇచ్చి మలప్పురం జిల్లా కోట్టక్కల్ చేరాం. 1902లో పి.ఎస్. వారియర్ ఆర్యవైద్యశాల మొదలుపెట్టిన ఊరు. అక్కడ గది కావాలంటే చాలా ముందే రాసుకోవాలి, మాకు దొరకలేదు. ఒక వైద్యుల కుటుంబం నడిపే చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరాం. రోజుకు 1,150. సిమెంటు గచ్చు, ఇనప మంచం, కిర్రుమనే ఫ్యాను. ఊయల లేదని అమ్మ కాసేపు మూతి ముడిచింది.

వైద్యురాలు ముప్పావుగంట కూర్చుంది. ఎక్స్‌రే, ఆర్‌ఏ ఫ్యాక్టర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు అన్నీ చూసి, ‘వాపు ఇంతున్నప్పుడు ఈవిడకు నూనె ఎవరు పెట్టారు?’ అంది. ఆమవాతంలో వాపు తగ్గేదాకా మర్దనా చెయ్యరట. ఇసుక వేయించి, మూట కట్టి పొడికాపడం పెట్టారు. లోపలికి రాస్నాది కషాయం, రాత్రి కాస్త ఆముదం. మెథోట్రెక్సేట్ మాత్రం ఆపొద్దని గట్టిగా చెప్పింది. పిన్ని అలిగింది. ‘అక్కకేమో తైలాలు, నాకు ఇసుకా?’ అని పూటపూటకీ దెప్పేది. కాఫీ కూడా మాన్పించేసరికి ఆ మూడ్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అమ్మకు జానువస్తి చేశారు. మినప్పిండి ముద్దతో మోకాలి చుట్టూ గట్టు కట్టి, గోరువెచ్చని తైలం నింపి, చల్లారుతున్నకొద్దీ తీసి మళ్ళీ వేడిది పోస్తారు. రెండు మోకాళ్ళకూ కలిపి 900. గుజ్జు సంగతి అడిగితే వైద్యురాలు నవ్వేసింది. నొప్పి తగ్గుతుంది, బిగుతు పోతుంది, తొడ కండరాలు గట్టిపడితే, ఒంటి బరువు తగ్గితే అది నిలుస్తుంది అంది. కాలు చాపి ఎత్తే వ్యాయామాలు దగ్గరుండి నేర్పించింది. నాకు ఆ నిజాయితీ నచ్చింది, అమ్మకు అంతగా నచ్చలేదు.

భోజనం సంగతి చెప్పాలి. రాత్రి ఎర్రబియ్యం గంజి, పెసలు, పక్కన కొబ్బరి పచ్చడి. పనసాకును మడిచి చెంచాలా చేసి ఇచ్చారు. తాగడానికి పతిముఖం అనే చెట్టు చెక్క వేసి కాచిన గులాబీ రంగు నీళ్ళు. అమ్మ బ్యాగులోని ఆవకాయ సీసాను మొదటిరోజే ఆఫీసు గదిలో పెట్టించుకున్నారు. అయినా ఆ గంజి కోసం సాయంత్రం నుంచే ఎదురుచూసేవాళ్ళం. ఇద్దరికీ రోజుకు 480.

జులై మధ్య నుంచి నెలరోజులు మలయాళ మాసం కర్కిటకం. చికిత్సలకు అదే మంచి కాలమని మలయాళీలే బారులు తీరతారు, గదులు దొరకవు. భస్మాలు, రసౌషధాలు (లోహాలు, ఖనిజాలతో చేసే మందులు) రాస్తే అందులో పాదరసం, సీసం ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి. మీరు వాడే మాత్రల చీటీ పైనే పెట్టుకోండి.

అమ్మ ఇప్పుడు రెయిలింగ్ పట్టుకుని రెండో అంతస్తు ఎక్కుతోంది, వానపడితే మాత్రం మూలుగుతుంది. పిన్నికి పొద్దుటి బిగుతు కొంచెం తగ్గింది. అది ఇసుకదో, మాత్రదో చెప్పలేం. కషాయం తాగుతోందని తెలిసి విజయవాడ డాక్టరు లివర్ టెస్ట్ రాశాడు. రిపోర్టు బాగానే వచ్చింది గానీ, ఆ చేదు భరించలేక పిన్నే కషాయం మానేసింది.