ముడి వేసిన దండ మేలా, తీగకు గుచ్చిన దండ మేలా?

మా వీధిలో ఎవరింట్లో దండ తెగినా నా దగ్గరికే వస్తుంది. పూసలు, తెగిన దారం, కొక్కెం అన్నీ ఒక కవర్లో మూటగట్టి తెచ్చి, "పాపా, ఇది కాస్త గుచ్చిపెట్టవా" అంటారు. నల్లపూసలైతే తెగాయన్న మాట ఎవరూ అనరు, "పెరిగినాయి" అంటారు. ఆ కవరు పళ్ళెంలో కుమ్మరించి ముందు దారం తెగిన చోటు చూస్తాను. కొస పీచుపీచుగా ఉంటే పూస అంచు కోసిందని అర్థం. నల్లబడి మెత్తగా ఉంటే చెమట, నూనె తిన్నదని. విరిగినట్టు నున్నగా ఉంటే అది తంగూసు, అంటే గాలం దారం, పెళుసెక్కింది. దారానికి ఏమీ కాకుండా కొక్కెం దగ్గర ఊడి వచ్చిందంటే, కొసను బిగించే చిన్న గొట్టం, గేర్ లాక్, సరిగా నొక్కలేదన్నమాట.

ఈ మధ్య ఇంట్లోనే దండలు, చేతిగొలుసులు చేసుకుందామని అడిగే అమ్మాయిలు ఎక్కువయ్యారు. నెల్లూరు చిన్నబజారుకు పోయి, కంటికి నచ్చిన పూసలన్నీ తెచ్చుకుని, అప్పుడు వచ్చి "అక్కా, దేనికి గుచ్చేది?" అంటారు. ఆ ప్రశ్న ముందు రావాలి. పూసకూ పూసకూ మధ్య ఏముండాలో తేల్చుకున్నాకే పూసలు కొనాలి, ఎందుకంటే పూస రంధ్రానికి దారం సరిపడాలి, పూస అంచుకు దారం తట్టుకోవాలి. ఇంట్లో చేసేవాళ్లకు దారులు మూడు: గేర్ వైరుకు వరసగా గుచ్చడం, దారంతో పూసకో ముడి వేయడం, మైనం తాడుతో మాక్రమే, అంటే ముడుల అల్లిక, అల్లడం. మూడూ చేస్తాను కాబట్టి మూడింటి సంగతీ చెప్పగలను.

గేర్ వైరు అంటే సన్నటి స్టీలు పోగుల్ని పురిపెట్టి పైన నైలాన్ పూత వేసిన తీగ. లోపల 7 పోగులుంటే బిరుసు, 19 ఉంటే కొంచెం నయం, 49 ఉంటే దాదాపు దారంలాగే ఒంటికి వాలుతుంది. సూదితో పని లేదు, తీగే సూది. పూసలు ఎక్కించి, కొసను గేర్ లాక్ అనే చిన్న గొట్టంలోంచి కొక్కేనికి తిప్పి, అదే గొట్టంలోంచి వెనక్కి తెచ్చి, పట్టకారుతో నొక్కితే ఒక పక్క అయిపోయినట్టే. నాకు ఒక దండకు 20 నిమిషాలు చాలు. పొద్దున ఫోన్ చేసి రాత్రి పెళ్లికి కావాలన్నవాళ్లకు ఇదొక్కటే దిక్కు. బరువైన రాతి పూసలకు, అంచు పదునుగా ఉండే క్రిస్టల్‌కు, లోహపు పూసలకు కూడా తీగే మేలు. దారాన్ని అవి నెలల్లో కోసేస్తాయి.

దాని లోపాలు రెండు. ఒకసారి మడత పడిందా, ఆ మడత ఇక పోదు, మెడ మీద మూలలాగా నిలబడుతుంది. పెట్టెలో చుట్టి పడేసే అలవాటున్న ఇంట్లో గేర్ వైరు దండ బతకదు. రెండోది ఇంకా పెద్దది. దండ భారమంతా ఆ రెండు లాకుల మీదే. ఇత్తడి మీద పూత పూసిన చవక లాకులు చెమటకు పచ్చబడతాయి. మైపాడు, అల్లూరు, కొత్తపట్నం లాంటి సముద్రపు పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఇంకా తొందరగా పాడవుతాయి. ఒక లాకు వదిలితే పూసలన్నీ ఒక్కసారే నేలమీద ఉంటాయి. వైరు వాడేటట్టయితే పూసల్లో పొదుపు చేయండి గానీ లాకుల్లో, కొక్కేల్లో చేయొద్దు.

తంగూసు గురించి ఒక మాట. గాలాలకు కట్టే ఆ దారం మన తీరంలో ఎక్కడైనా దొరుకుతుంది. చవక, కంటికి కనపడదు, సూది లేకుండానే పూసలోకి దూరుతుంది. మొదట్లో నేను అన్నీ దానికే గుచ్చాను. మా అత్తకు 8 మిల్లీమీటర్ల ముత్యాలు 52 దానికే గుచ్చి ఇచ్చాను. ఆమె ఇష్టంగా వేసుకునేది, తీసి కిటికీ పక్క మేకుకు తగిలించేది. కావలిలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లిలో ఆమె అక్షింతలు వేయడానికి వంగినప్పుడు తెగింది. బియ్యంలో, పూలరెక్కల్లో కలిసిపోయిన ముత్యాల్ని పిల్లలు ఏరి తెచ్చారు. 46 దొరికాయి. అత్త నన్ను ఒక్క మాట అనలేదు గానీ నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. తంగూసు బరువుకు సాగుతుంది, ఎండ తగిలే కొద్దీ పెళుసెక్కుతుంది, నున్నగా ఉంటుంది కాబట్టి ముడి జారుతుంది. ఒంటి మీద వేసుకునే దేనికీ దాన్ని వాడొద్దని అప్పటినుంచి అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

ఇక ముడి దండ. నా మనసు దీని వైపే మొగ్గుతుంది, ఎందుకో చెబుతాను. ప్రతి పూస తర్వాత ఒక మామూలు ముడి వేస్తాం. దారం ఎక్కడ తెగినా జారేది ఒక్క పూసే, మిగిలినవి ముడుల మధ్య ఉన్నచోటనే ఉంటాయి. పూసకు పూస ఒరుసుకోదు. ముత్యానికి ఇది ప్రాణం లాంటిది, ఎందుకంటే ముత్యం పైపొర చాలా మెత్తన, రంధ్రాల దగ్గర ఒరుసుకుని ఒరుసుకుని పొర లేస్తుంది. మూడోది చూపుకు సంబంధించింది. ముడి దండ ప్రతి పూస దగ్గరా వంగుతుంది, మెడ వంపుకు తగ్గట్టు పడుకుంటుంది. బిగువుగా గుచ్చిన వైరు దండ పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తేడా తెలుస్తుంది.

ముడి వేయడం తేలికే, దాన్ని పూసకు ఆనించి వేయడమే కష్టం. వదులుగా ఉచ్చు వేసి, దండ మొత్తాన్ని అందులోంచి దూర్చి, ఉచ్చులో సన్నటి దబ్బనం పెట్టి, దబ్బనంతోపాటు ఉచ్చును పూస దాకా జరిపి, అక్కడ దారం లాగుతూ దబ్బనం తీసేయాలి. చివర్లో బొటనవేలి గోటితో ఒకసారి పూసవైపు నొక్కాలి. మొదటి దండలో సగం ముడులు పూసకు దూరంగా పడతాయి, ముడి పడ్డాక విప్పడం దాదాపు కుదరదు. అందుకే మొదట చవక ప్లాస్టిక్ పూసలతో ఒకటి పూర్తిగా చేసి పారేయమంటాను. నాకు మొదటి ముడి దండకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది, ఇప్పుడు గంటన్నరలో అవుతుంది.

లెక్క కూడా మారుతుంది. 40 సెంటీమీటర్ల దండకు 8 మిల్లీమీటర్ల పూసలు వైరు మీదైతే 50 పడతాయి. ముడి ఒక్కోటి సుమారు ఒక మిల్లీమీటరు తీసుకుంటుంది కాబట్టి 44 సరిపోతాయి. ఖరీదైన పూసలైతే ఈ ఆరు పూసల తేడా చిన్నదేం కాదు.

ఏ దారం? ముత్యాలకు పట్టుదారమే వాడుక. 2 మీటర్ల దారం, కొసకు అంటించిన సూదితో సహా అట్టకు చుట్టి అమ్ముతారు. 2వ నంబరు 0.45 మిల్లీమీటర్ల మందం, 4వ నంబరు 0.60. ముత్యం రంధ్రం చాలా సన్నం, కాబట్టి ఒక ముత్యం పట్టుకుపోయి దూర్చి చూసుకుని దారం కొనడం మంచిది. పట్టు ముడి గుండ్రంగా, నిండుగా వస్తుంది, దాని అందం నైలాన్‌కు రాదు. కానీ పట్టు సాగుతుంది. గుచ్చేముందు ఒక రాత్రంతా దానికి తాళంచెవుల గుత్తి కట్టి మేకుకు వేలాడదీస్తే ఆ సాగుడు ముందే అయిపోతుంది. ఇంకో సంగతి, పట్టు చెమటను, తలనూనెను పీల్చుకుంటుంది. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఉక్క తెలిసిందే కదా, మధ్యాహ్నం బయటికి పోయొస్తే జాకెట్టు పిండాల్సి వస్తుంది. రోజూ మెడలో ఉండే దండ పట్టు మీదుంటే ఏడాదికే ముడుల దగ్గర నల్లబడుతుంది.

కాబట్టి పండక్కీ పెళ్లికీ వేసుకునే ముత్యాలకు పట్టు, రోజూ వేసుకునేదానికి పురిపెట్టిన నైలాన్ దారం. తంగూసూ నైలానే గానీ అది ఒంటిపోగు. ఇది సన్నటి పోగుల్ని పురిపెట్టింది, ముడి పట్టుకుంటుంది, చెమట పీల్చదు. కొసను అగరుబత్తి నిప్పుకు తాకిస్తే కరిగి చిన్న గుండులాగా గడ్డకడుతుంది, విడిపోదు. నిప్పు ముత్యానికి తగలకుండా మధ్యలో వేలు అడ్డం పెట్టుకోండి. కొందరు చివరి ముడికి ఫెవిక్విక్ వేస్తారు, నేను వేయను. అది దారాన్ని గాజుపుల్లలా చేస్తుంది, గట్టిపడిన చోటుకూ మెత్తటి చోటుకూ మధ్య దారం పుటుక్కుమంటుంది. సూది లేనప్పుడు దారం కొసను బిరుసు చేసుకోవడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

చిన్న గాజుపూసలకు ఒక్కోదానికీ ముడి కుదరదు, అవసరమూ లేదు. పదింటికో ముడి వేస్తే తెగినా పది పూసలతో పోతుంది. మన పక్కనే ఏర్పేడు మండలంలో గాజుపూసలు చేతిపనిగా చేసిన పాపానాయుడుపేట అనే ఊరుంది. కరిగిన గాజును పొడుగాటి సన్నగొట్టంలా లాగి, ముక్కలు కోసి, మళ్లీ వేడిచేసి అంచులు గుండ్రం చేసే పాత పద్ధతి అది. చేత్తో లాగిన పూసల్లో రెండు ఒక్కలా ఉండవు. అట్టాంటివి దొరికితే ముందు సూది దూర్చి చూసి, రంధ్రం మరీ సన్నగా ఉన్నవి, అంచు గరగరలాడేవి పక్కన పెట్టేయండి. ఆ ఎగుడుదిగుడు చూడ్డానికి బాగుంటుంది, మిషను పూసల్లో అది కనపడదు.

మాక్రమే సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దానికి పెద్ద తర్కం లేదు. ఉట్టి అల్లిన చెయ్యికీ, వైరు బుట్ట అల్లిన చెయ్యికీ ఇది అరగంటలో వచ్చేస్తుంది. మధ్యలో రెండు తాళ్లు కదలకుండా ఉంటాయి, పక్క రెండూ ఎడమ ఒకసారి, కుడి ఒకసారి ముడి వేసుకుంటూ పోతాయి. ఒకే పక్క వేసుకుంటూ పోతే మెలి తిరుగుతుంది. పక్క తాడు ఒక్కోటి అల్లిక పొడవుకు ఐదింతలు ఉండాలి: 16 సెంటీమీటర్ల చేతిగొలుసుకు ఒక్కో పక్కా 80. ఇక్కడ అందరూ తాడు తక్కువ కోస్తారు. నూలు తాడు కన్నా మైనం పూసిన పాలిస్టర్ తాడు తీసుకోండి, నూలు తడిసి వాసన వేస్తుంది, రంగు దిగుతుంది. కాలేజీ పిల్లల చేతికి ఇది ముచ్చటగా ఉంటుంది. చీర మీదికి మాత్రం నప్పదు, ఎంత బాగా అల్లినా.

ధర అడిగేవాళ్లకు: నేను వైరు దండకు పూసల ఖర్చు మీద ఒకటే కూలి తీసుకుంటాను, ముడి దండకు మాత్రం ముడికి 3 రూపాయలు. లెక్క చెప్పగానే "ఏందమ్మా, ముడికి కూడా డబ్బులా?" అంటారు. అప్పుడు రెండు దండలూ చేతిలో పెడతాను. తూకం వేసినట్టు అటూ ఇటూ చూసి, పెద్దవాళ్లు దాదాపు అందరూ ముడిదే తీసుకుంటారు. అమ్మడానికి చేసేవాళ్లు మొదటి నెల వైరుతో గడపండి, చెయ్యి తిరిగేలోగా నాలుగు డబ్బులు వస్తాయి. ముడి మాత్రం మొదటిరోజు నుంచే రాత్రిపూట ఒక పది వేస్తూ ఉండండి.

అత్త దండను ఆ పెళ్లయిన వారంలోనే పట్టుదారంతో, పూసకో ముడితో మళ్లీ గుచ్చాను. ఆరు ముత్యాలు పోయాయి కదా, పొట్టిగా వస్తుందేమో, వెనక డోరీ తగిలించాలేమో అనుకున్నాను. పూర్తయ్యాక టేపు పెట్టి కొలిస్తే 41 సెంటీమీటర్లు దాటింది. అదే పాత పొడవు. పోయిన ఆరింటి చోటూ ముడులు నింపాయి. ఇప్పుడు ప్రతి ఏడూ ఉగాదికి పది రోజుల ముందు ఆమె ఆ దండ తెచ్చి ఇస్తుంది. నేను ముడులన్నీ కత్తిరించి, ముత్యాలు తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కొత్త దారానికి గుచ్చుతాను. పోయిన ఉగాదికి కూడా పళ్ళెంలో పోసి లెక్కపెట్టాను, 46 ఉన్నాయి.