కొట్టానికి దోమతెర: మూడేళ్ళు వాడాక

మాది కర్నూలు దగ్గర కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద ఊరు. వరినాట్లు పడిన దగ్గర్నుంచి కోతల దాకా సందె వేళ దోమలకు కొట్టంలో నిలబడలేం. మూడు ఎనుములు, ఒక ఆవు, రాత్రంతా తోకలు కొట్టుకుంటూ, పడుకుని నెమరేయాల్సినవి తెల్లవార్లూ నిలబడే ఉండేవి, పొద్దున పితకబోతే సరిగ్గా చేపేవి కావు. వేపాకు పొగ ఏళ్ళ తరబడి వేశాం. నిప్పు ఆరితే మళ్ళీ మొదలు, పైగా ఆ పొగకు మా అమ్మకు దగ్గు పట్టుకుంది.

అందుకే కొలతలిచ్చి కొట్టం చుట్టూ నైలాన్ దోమతెర కుట్టించా. మొదటి ఏడాది డబ్బులు దండగ అనిపించింది, కానీ తప్పు నాదే. కింద జానెడు సందు వదిలేశా, దానికితోడు చీకటి పడ్డాక దించేవాణ్ణి. అప్పటికే లోపలికి వచ్చిన దోమలన్నీ గొడ్లతోపాటు లోపలే ఉండిపోయేవి! ఇప్పుడు పొద్దు వాలకముందే దించుతున్నా, కింది అంచుకు ఇసుక నింపిన గుడ్డగొట్టం కుట్టించా. లోపలివైపు మూరెడు దూరంలో వెదురు కర్రలు అడ్డంగా కట్టా. అవి లేకపోతే కొమ్ములు తగిలి తెర చిరుగుతుంది, ఒళ్ళు తెరకు ఆనితే దోమ బయట్నుంచే కుడుతుంది.

పాలు పెరిగాయని చెప్పను. వానాకాలంలో పూటకు లీటరు దాకా తగ్గేవి, ఇప్పుడు తగ్గట్లేదు. అన్నిటికన్నా రాత్రి గొడ్లు పడుకుంటున్నాయి, నాకు అదే పెద్ద సంతోషం.

లోపాలూ ఉన్నాయి. ఎండాకాలం గాలి ఆడదు, ఎనుము వేడికి అసలు తట్టుకోలేదు కాబట్టి పగలు పూర్తిగా పైకి చుట్టేయాలి. కుట్లు ఏడాదికే ఊడాయి, మళ్ళీ కుట్టించుకున్నా. నుసుముల్లాంటి చిన్న ఈగలు ఈ తెర కన్నాల్లోంచి దూరిపోతాయి. పోయినేడు ఆవుకు మూడు రోజుల జ్వరం వచ్చి కాలు కుంటింది, అది దోమల వల్లా ఆ నుసుముల వల్లా కూడా వస్తుందని డాక్టరు చెప్పాడు.

తెర కట్టాం కదా అని నీళ్ళ సంగతి వదిలేయొద్దు. మా ఎండలకు గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం, పది రోజులు చాలు, అందుకే ప్రతి ఆదివారం కుడితి తొట్టి బోర్లించి రుద్ది ఎండబెడతాం, మూత్రం గుంట నిలవ లేకుండా ఎత్తిపోస్తాం. మడిలో నీళ్ళు మాత్రం మన చేతిలో లేవు.

ఒకటి మాత్రం ముందే చేయాల్సింది. కోతలకు వచ్చిన కూలోళ్ళు మా రేకుల షెడ్డులో దుప్పటి ముసుగేసుకుని ఉక్కలో పడుకునేవాళ్ళు, పిల్లల చేతుల నిండా దద్దుర్లు. ఇవతల గొడ్లకు తెర కట్టి వాళ్ళను అలా వదిలేశానని చాలా బాధపడ్డా. పోయిన కోతలప్పుడు ఇద్దరిద్దరికి సరిపోయే తెరలు ఆరు తెచ్చి అక్కడే వేలాడదీశా, ఈసారి ఇంకో నాలుగు తేవాలి.