జాగ్రత్త: కటానియా నుంచి విల్లా రొమానా డెల్ కసాలే టూర్ బుక్ చేసే ముందు ఇది చదవండి

నిన్న రాత్రే హోటల్‌కి తిరిగొచ్చాం. కోపం ఇంకా తగ్గలేదు. ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వచ్చే మనవాళ్ళందరూ వాడే సైట్‌లోనే, కటానియా నగరం నుంచి ఈ పాత రోమన్ విల్లాకి టూర్ బుక్ చేశాను. తలకి 95 యూరోలు, నలుగురం. హోటల్ పికప్, గైడ్, ప్రవేశం, విల్లాలో 3 గంటలు అని పేజీలో స్పష్టంగా ఉంది.

వ్యాన్ వచ్చింది, గైడ్ రాలేదు. అక్కడే ఉంటాడన్నాడు డ్రైవర్. పియాజా ఆర్మెరీనా ఊరు దాటి గేటు దగ్గర దిగాక చూస్తే అక్కడా లేడు. పైగా టికెట్లు మీరే కొనుక్కోండి అన్నాడు. పేజీ చూపిస్తే ఆఫీసుకి ఫోన్ కలిపిచ్చాడు. "ప్రవేశం అంటే ద్వారం దాకా తీసుకెళ్ళడం, టికెట్ కాదు" అంది అవతలి ఆవిడ. అమ్మానాన్నల ముందు గొడవెందుకని డబ్బు కట్టేశాను. అక్కడే గట్టిగా నిలబడాల్సింది. ఆ తప్పు నాదే.

మా నాన్నగారు రాజమండ్రిలో 30 ఏళ్ళు సోషల్ మాస్టారుగా చేశారు. మా దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. రోము చూద్దామంటే, ముందు ఈ విల్లా చూడాలమ్మా అన్నారు. 4వ శతాబ్దంలో ఎవరో గొప్ప ధనవంతుడు పల్లెలో కట్టించుకున్న ఇల్లు ఇది. సుమారు 3,500 చదరపు మీటర్ల నేలంతా రంగురాళ్ళ బొమ్మలే. 12వ శతాబ్దంలో కొండచరియలు విరిగిపడి మట్టి కప్పేయడం వల్లే అవి ఇంత బాగా మిగిలాయి. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇవన్నీ గైడ్ చెప్పాల్సినవి. నాన్నగారే మాకు చెప్పారు.

అసలు ఆయన వచ్చింది వేట బొమ్మల వసారా కోసం. 60 మీటర్లకు పైనే పొడవు. చిరుతల్ని, నిప్పుకోళ్ళని, ఖడ్గమృగాన్ని పట్టి ఓడలెక్కించడం అంతా నేల మీదే ఉంటుంది. దాని దక్షిణపు కొసన చేతిలో ఏనుగు దంతం, పక్కన ఏనుగు, పులితో ఒక స్త్రీ బొమ్మ ఉంది. ఆమె భారతదేశమేనని చాలామంది పండితులు అంటారు. మన నల్గొండలో దొరికిన రోమన్ నాణేల గురించి పిల్లలకి పాఠం చెప్పిన మనిషికి ఆ బొమ్మ ఎంత ముఖ్యమో నేను చెప్పక్కర్లేదు.

పైన కట్టిన నడకదారి మీద మెల్లగా వెళ్తున్నాం. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. సగం దూరం కూడా రాలేదు, డ్రైవర్ ఫోన్ చేశాడు. "50 నిమిషాలయ్యాయి, బయటికి రండి, లేకపోతే వ్యాన్ వెళ్ళిపోతుంది." 3 గంటలని రాశారు కదా అంటే, "అందులో ప్రయాణం కూడా కలిసే ఉంది" అని పెట్టేశాడు. లోపలికి అడుగుపెట్టింది మొదలు ఒక్కో నిమిషం లెక్కపెట్టి కూర్చున్నాడన్నమాట! సామానంతా వ్యాన్‌లో ఉంది, అమ్మ బీపీ మాత్రలతో సహా. ఇంకో 10 నిమిషాలు ఇమ్మని బతిమాలుదామని మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తలేదు.

నాన్నగారు కొస వైపు ఒకసారి చూసి, "పోనీలేమ్మా, పద" అన్నారు. వెనక్కి నడిచాం. వ్యాన్ దగ్గరికొస్తే ఆ మనిషి సిగరెట్ కాలుస్తూ తీరిగ్గా నిల్చున్నాడు. ఆ తర్వాత కూడా 25 నిమిషాలు కదల్లేదు, ఇంకో జంట రావాలట. ఆ 25 నిమిషాలు చాలేవి మా నాన్నగారికి. వ్యాన్‌లో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. రేపు ఇండియాకి ఫ్లైట్.

వెళ్ళేవాళ్ళు ఇలాంటి టూర్లు వద్దు. కటానియా నుంచి పియాజా ఆర్మెరీనాకి బస్సులున్నాయి, ఊళ్ళోంచి విల్లా నాలుగైదు కిలోమీటర్లే, టాక్సీ పెట్టుకోండి. పెద్దవాళ్ళుంటే లోపలే రెండున్నర గంటలు కావాలి. మందులు మీ చేతి సంచిలోనే ఉంచుకోండి. ఇప్పటికే బుక్ చేసినవాళ్ళు ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసిపెట్టుకోండి. నేను ఫిర్యాదు పెట్టాక ఈ పొద్దున చూస్తే, "విల్లాలో 3 గంటలు" అన్న చోట "మొత్తం 3 గంటల నుంచి" అని మార్చేశారు.